ఎముకల సంగతి: మీ ఉత్తరాలు, మా జవాబులు

ఈ నెల ఎముకల గురించి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం. అనాటమీ పాఠాలు చెప్పేవారు, ఎముకల వైద్యులు, పిల్లల వైద్యులు కలిసి రాసిన జవాబులివి.

బైపీసీ చదువుతున్నాను. ఎముక సజీవ కణజాలమని పుస్తకంలో ఉంది. రాయిలా ఉండేదానిలో ప్రాణం ఎక్కడుంటుంది? ఎముకంటే కాల్షియమే కదా? – ఒక విద్యార్థి, హన్మకొండ

కాల్షియమే అనుకోవడంతోనే సగం అపోహలు మొదలవుతాయి. మనిషి ఎముక బరువులో 60 నుంచి 65 శాతం ఖనిజం, 25 నుంచి 30 శాతం ప్రోటీన్ల వంటి సేంద్రియ పదార్థం, మిగిలింది నీరు. ఆ ఖనిజం పేరు హైడ్రాక్సీఅపటైట్. కాల్షియం, ఫాస్ఫేట్, హైడ్రాక్సిల్ కలిసిన అతి సన్నని స్ఫటికాలవి. స్వచ్ఛమైన హైడ్రాక్సీఅపటైట్ బరువులో కూడా కాల్షియం వాటా 40 శాతమే. ఇక సేంద్రియ భాగంలో సుమారు 90 శాతం ఒకే ప్రోటీన్: కొల్లాజెన్, అందులోనూ ఒకటో రకం. ఎముక మీద బరువు పడితే నలగకుండా ఆపేది ఖనిజం. వంచినా లాగినా పుటుక్కున విరగకుండా ఆపేది కొల్లాజెన్.

ఈ రెండింటినీ విడదీసి చూడాలంటే ఇంట్లోనే చేయొచ్చు. వండని కోడి ఎముకలు రెండు తీసుకోండి. మాంసం, కొవ్వు బాగా గీకేయాలి. ఒకదాన్ని గాజు సీసాలో వేసి మునిగేదాకా తెల్ల వెనిగర్ పోయండి. మూత బిగించొద్దు, ఎముకలోని కార్బొనేట్ వల్ల గ్యాస్ బుడగలు వస్తాయి. రోజు విడిచి రోజు వెనిగర్ మార్చాలి. రెక్క ఎముక 2, 3 రోజుల్లో మెత్తబడుతుంది. కాలి ఎముకకు వారం పట్టొచ్చు. ముందు కొసలు వంగుతాయి, గోడ మందంగా ఉండే నడిమి భాగం ఆఖరున వంగుతుంది. ఖనిజమంతా కరిగిపోయి కొల్లాజెన్ మిగిలింది కాబట్టి ఎముక ఆకారం చెడకుండానే రబ్బరులా వంగుతుంది. ప్రయోగం కుదరలేదని రాసేవాళ్లు సాధారణంగా చేసే పొరపాట్లు మూడు: వెనిగర్‌లో నీళ్లు కలపడం, కొవ్వు వదిలేయడం, పాత వెనిగర్‌నే వారమంతా ఉంచడం. బ్రాయిలర్ కోడి ఎముక నాటుకోడి ఎముక కంటే త్వరగా వంగుతుంది. బ్రాయిలర్‌ను సుమారు ఆరు వారాల వయసులోనే కోస్తారు, అప్పటికి దాని ఎముక ఇంకా ముదరదు.

రెండో ఎముకను ఆరుబయట బొగ్గుల కుంపటిలో బాగా కాల్చండి. ముందు నల్లబడుతుంది, అది కాలిన కొల్లాజెన్. ఇంకా కాలితే తెల్లగా అవుతుంది. చల్లారాక వేళ్లతో నలిపితే పొడైపోతుంది. అస్థిసంచయనం నాడు చితిలో ఏరే ముక్కలు తెల్లగా, తేలిగ్గా, పట్టుకుంటే విరిగిపోయేలా ఉండేదీ ఇందుకే. అక్కడ మిగిలింది ఖనిజం ఒక్కటే.

ప్రాణం ఎక్కడుందంటే, ఆ ఖనిజం మధ్యలోనే. ఎముకను కట్టే కణాలు ఆస్టియోబ్లాస్టులు. ఇవి ముందు కొల్లాజెన్ పరుస్తాయి, సుమారు 10 రోజుల తర్వాత దానిలో ఖనిజం చేరడం మొదలవుతుంది. అలా పరుస్తూ కొన్ని కణాలు తాము కట్టిన గోడలోనే చిక్కుకుపోయి ఆస్టియోసైట్లవుతాయి. ఎముక కణాల్లో 90 శాతానికి పైగా ఇవే. సన్నని కాలువల గుండా ఒకదానితో ఒకటి కబుర్లు అందుకుంటూ, ఎక్కడ ఎంత బరువు పడుతోందో ఇవే కనిపెడతాయి. పాత ఎముకను కరిగించేవి ఆస్టియోక్లాస్టులు. రక్తకణాల వంశానికి చెందిన ఈ పెద్ద కణాలకు ఒక్కోదానికి ఎన్నో కేంద్రకాలుంటాయి. ఆమ్లంతో ఖనిజాన్ని, ఎంజైముతో కొల్లాజెన్‌ను కరిగిస్తాయి. పెద్దవాళ్లలో ఏడాదికి అస్థిపంజరంలో సుమారు పదో వంతు ఇలా కొత్తదవుతుంది.

లోపలి కట్టడం చూడాలంటే మటన్ కొట్టులో నల్లి బొక్కను నిలువునా కోయించండి. నడుమ గట్టి గోడ, దాని లోపల మూలుగ, కొసల్లో స్పంజిలా సన్నని అల్లిక. మన శరీరంలో ఎముక బరువులో సుమారు 80 శాతం ఆ గట్టి రకమే, స్పంజి రకం 20 శాతం. ఎముక పైన అంటుకుని ఉండే పల్చటి పొరను మాత్రం కొట్టువాడు గీకి పారేస్తాడు. నొప్పి నరాలు దట్టంగా ఉండేది ఆ పొరలోనే. మంచం కోడు మోకాలి కింద తగిలితే కళ్లు బైర్లు కమ్మేది దానివల్లే.

పుట్టినప్పుడు సుమారు 300 ఎముకలు, పెద్దయ్యాక 206 అంటారు. మిగతావి ఏమైపోతాయి? – ఏడో తరగతి పిల్లలు, శ్రీకాకుళం

ఎక్కడికీ పోవు, అతుక్కుపోతాయి. వెన్ను అడుగున 5 పూసలు కలిసి ఒక్క త్రికాస్థి అవుతాయి. తుంటి ఎముక ఒక్కో పక్క 3 ముక్కలుగా మొదలై ఒకటవుతుంది. చేతుల, కాళ్ల పొడవాటి ఎముకల్లో కొసలు వేరుగా, నడిమి భాగం వేరుగా ఉండి తర్వాత కలుస్తాయి. పసిబిడ్డలో ఏ ముక్కను ఎముకగా లెక్కపెట్టాలన్న దాన్నిబట్టి ఆ 300 అన్నది కాస్త అటూ ఇటూ అవుతుంది. మోకాలి చిప్ప పుట్టినప్పుడు మృదులాస్థిగానే (చెవి దొప్పలో తగిలేలాంటి మెత్తటి, వంగే కణజాలం) ఉండి, 3 నుంచి 6 ఏళ్ల మధ్య ఎముకగా మారుతుంది. చెవి లోపలి 3 చిన్న ఎముకలు మాత్రం పుట్టేనాటికే పూర్తి సైజులో ఉంటాయి.

నాకు అయిదో నెల. బిడ్డకు ఎముకలు ఎప్పుడు వస్తాయి? పుట్టాక మాడు పూడడానికి ఆముదం పెట్టి అద్దాలని మా అత్తగారు అంటున్నారు. నిజమేనా? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

ఎముకలు ఎప్పుడో మొదలయ్యాయమ్మా. పిండం వయసు 5, 6 వారాలప్పుడు మెడ కింది కాలర్ ఎముకలో మొట్టమొదట ఖనిజం చేరుతుంది. 8 వారాలకు తొడ ఎముక నడిమి భాగమూ మొదలవుతుంది.

ఎముక ఏర్పడే దారులు రెండు. పుర్రె పైభాగంలోని పలకలు, ముఖంలోని చాలా ఎముకలు పల్చటి పొరలో నేరుగా ఏర్పడతాయి. కాలర్ ఎముక చాలావరకు అంతే. మిగతావన్నీ ముందు మృదులాస్థితో చిన్న నమూనాగా తయారై, ఆ నమూనా నడుమ రక్తనాళాలు దూరి, మృదులాస్థి కరిగిన చోట ఎముక నిండుతూ వస్తాయి. నెలలు నిండిన బిడ్డలో సుమారు 30 గ్రాముల కాల్షియం ఉంటే, అందులో ఎక్కువ భాగం ఆఖరి మూడు నెలల్లోనే చేరుతుంది. నెలలు బాగా తక్కువతో పుట్టిన బిడ్డల ఎముకలు బలహీనంగా ఉండే ప్రమాదం అందుకే.

కాబట్టి మాత్రలు మానకండి. ప్రభుత్వ పథకంలో 14వ వారం నుంచి ప్రసవం తర్వాత 6 నెలల దాకా రోజుకు రెండు కాల్షియం మాత్రలు ఇస్తారు. ఒక్కోదానిలో 500 మిల్లీగ్రాముల కాల్షియం, 250 యూనిట్ల విటమిన్ డి ఉంటాయి. అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. ఐరన్ మాత్రతో కలిపి మాత్రం వద్దు, రెండింటికీ కనీసం 2 గంటల తేడా ఉండాలి. కాల్షియం ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు.

మాడు సంగతి: పుర్రె పలకలు ఇంకా కలవని సందు అది. ప్రసవంలో తల కాస్త ఒదగడానికి, తర్వాత మెదడు పెరగడానికి ఆ సందు కావాలి. వెనుక మాడు 2, 3 నెలల్లో, ముందు మాడు ఎక్కువమందిలో 12 నుంచి 18 నెలల్లో పూడుతుంది. కొందరిలో రెండేళ్లు పట్టినా తప్పు కాదు. ఆముదం వల్ల అది త్వరగా పూడదు, మెల్లగానూ పూడదు. అత్తగారి మాట తీసేయలేక కాస్త రాస్తే నష్టం లేదు, నొక్కొద్దు. అసలు చూడాల్సినవి వేరే. విరేచనాలైనప్పుడు మాడు గుంటపడితే ఒంట్లో నీరు తగ్గినట్టు. జ్వరంతో ఉన్న బిడ్డకు ఏడవనప్పుడు కూడా మాడు ఉబ్బి ఉంటే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మా అమ్మాయికి 13 ఏళ్లు, పెద్దమనిషై ఆరు నెలలైంది. ఇక ఎత్తు పెరగదంటున్నారు. పొడి డబ్బాలు, కడ్డీ పట్టుకుని వేలాడటం పనికొస్తాయా? – ఒక తల్లి, కరీంనగర్

పెరుగుతుంది, కాకపోతే కొంచెమే. రజస్వల అయ్యాక ఆడపిల్లలు సాధారణంగా ఇంకో 5 నుంచి 7 సెంటీమీటర్లు, సుమారు రెండేళ్ల పాటు పెరుగుతారు. అమ్మాయిల్లో అసలు దూకుడు అంతకుముందే అయిపోతుంది.

ఎత్తు పెరిగేది ఎముక కొసల దగ్గర, గ్రోత్ ప్లేట్ అనే పల్చటి మృదులాస్థి పొరలో. లేత మేక మాంసం బాగా ఉడికితే కాలి ఎముక గుండు కొస ఊడి చేతిలోకి వస్తుందే, అది ఊడింది సరిగ్గా ఈ గ్రోత్ ప్లేట్ దగ్గరే. ముదురు మేకలో అలా ఊడదు, అక్కడ ఎముక కలిసిపోయి ఉంటుంది. ఈ పొరలో మృదులాస్థి కణాలు నిలువు వరుసల్లో విభజన చెందుతాయి, తర్వాత ఎన్నో రెట్లు ఉబ్బుతాయి. ఎముక పొడవు పెరగడంలో ఎక్కువ వాటా ఆ ఉబ్బడానిదే. ఆపైన వాటి చుట్టూ ఖనిజం చేరుతుంది, కింది నుంచి రక్తనాళాలు వచ్చి ఆ చోట ఎముకను నింపుతాయి. పొర మాత్రం ఎప్పటికప్పుడు ముందుకు జరిగిపోతుంటుంది. కాళ్లలో పెరుగుదల ఎక్కువగా మోకాలి చుట్టే. తొడ ఎముక కింది కొస ఏడాదికి 9, 10 మిల్లీమీటర్లు, దాని కిందున్న పిక్క ఎముక పైకొస 6 మిల్లీమీటర్ల దాకా పెరుగుతాయి. అందుకే ఎదిగే పిల్లలు బండి మీంచి పడి మోకాలి దగ్గర ఎముక విరిగితే, అతుక్కున్నాక కూడా రెండేళ్లు కాళ్ల పొడవు కొలిపిస్తూ ఉండాలి. ఆ పొర దెబ్బతింటే ఆ కాలు పొట్టిదవుతుంది, లేదా వంకర పోతుంది.

ఈ పొరను మూసేసేది ఈస్ట్రోజెన్, మగపిల్లల్లో కూడా. వాళ్లలో టెస్టోస్టిరాన్‌లో కొంత ఈస్ట్రోజెన్‌గా మారి ఆ పని చేస్తుంది. 1994లో ఒక కేసు వైద్య పత్రికలో వచ్చింది: ఈస్ట్రోజెన్‌కు శరీరం స్పందించని లోపంతో పుట్టిన 28 ఏళ్ల మగమనిషి, ఎత్తు 204 సెంటీమీటర్లు, గ్రోత్ ప్లేట్లు ఇంకా తెరిచే ఉన్నాయి. మీసం వస్తే ఎత్తు ఆగుతుందని మనవాళ్లు అనుకునేదాని వెనుక అసలు లెక్క ఇదీ.

మీ అమ్మాయి ఎంతదాకా రావచ్చో అంచనాకు: తండ్రి ఎత్తు, తల్లి ఎత్తు సెంటీమీటర్లలో కలిపి, అందులోంచి 13 తీసేసి, రెండుతో భాగించండి. అబ్బాయికైతే 13 కలపాలి. వచ్చిన అంకెకు అటూ ఇటూ 8 సెంటీమీటర్ల వరకు మామూలే. వేలాడితే వెన్నుపూసల మధ్య డిస్కులు కాసేపు సాగుతాయి, సాయంత్రానికి మళ్లీ మొదటికే. పొడి డబ్బాలకు పెట్టే డబ్బు గుడ్లకు, పాలకు, పప్పుకు పెట్టండి. ఇప్పటికీ బడిలో తోటి పిల్లలందరికంటే పొట్టిగా ఉంటే మాత్రం ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీయించి పిల్లల వైద్యులకు చూపించాలి.

మా మనవడికి ఏడాదిన్నర. నడుస్తుంటే దొడ్డికాళ్లు కనబడుతున్నాయి. పొద్దున్నే లేత ఎండలో పడుకోబెడుతున్నాం. సరిపోతుందా? – ఒక తాతగారు, అనంతపురం

ఏడాదిన్నరకు దొడ్డికాళ్లు చాలామంది పిల్లల్లో మామూలే. రెండేళ్లకు సర్దుకుంటాయి. 3, 4 ఏళ్లకు ఎదురు వంకర వచ్చి మోకాళ్లు రాసుకుంటాయి, 7 ఏళ్లకు దాదాపు తిన్నగా అవుతాయి. రెండేళ్లు దాటినా వంకర పెరుగుతూ ఉంటే, ఒక్క కాలే వంగి ఉంటే, మణికట్టు బొడిపెలా ఉబ్బితే, పక్కటెముకల కొసల్లో ముత్యాల వరుసలా బుడిపెలు తగిలితే చూపించాలి. అవి రికెట్స్ గుర్తులు. విటమిన్ డి చాలక ఖనిజం చేరకపోతే గ్రోత్ ప్లేట్‌లో మృదులాస్థి పేరుకుపోయి వెడల్పవుతుంది. మెత్తటి ఎముక ఒంటి బరువుకు వంగుతుంది.

లేత ఎండ హాయిగా ఉంటుంది గానీ, చర్మంలో విటమిన్ డి తయారుచేసే కిరణాలు అందులో చాలా తక్కువ. అవి బాగా ఉండేది ఉదయం 10, 11 గంటల నుంచి మధ్యాహ్నం 3 దాకా. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండలోనూ అవి ఉండవు. అలాగని అనంతపురం మిట్టమధ్యాహ్నపు ఎండలో పసివాణ్ణి పడుకోబెట్టమనడం లేదు. మొదటి ఏడాది రోజుకు 400 యూనిట్ల విటమిన్ డి చుక్కలు వేయమనేది ఈ చిక్కు తప్పించడానికే. ఆ చుక్కలు వేయించారో లేదో, ఇప్పుడు ఎంత కావాలో డాక్టరును అడగండి.

వయసు తేల్చడానికి ‘ఎముకల పరీక్ష’ చేయమన్నారని వార్తల్లో వస్తుంది. అంత కచ్చితంగా తెలుస్తుందా? – ఒక ఉపాధ్యాయుడు, ఖమ్మం

అంత కచ్చితం కాదు. మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు ఒక్కటీ ఎక్స్‌రేలో కనబడదు. మొదటి రెండూ 2, 3 నెలలకు కనబడతాయి, చివరిది 9 నుంచి 12 ఏళ్ల మధ్య. ఆ తర్వాత మోచేయి, మణికట్టు, తుంటి దగ్గర గ్రోత్ ప్లేట్లు ఏది మూసుకుందో ఏది ఇంకా తెరిచి ఉందో చూస్తారు. అన్నింటికంటే ఆఖరున కలిసేది కాలర్ ఎముక లోపలి కొస, అదీ ఇరవై ఏళ్లు దాటాక. పోషకాహారం చాలకపోయినా, థైరాయిడ్ లోపమున్నా ఎముక వయసు వెనకబడుతుంది. రజస్వల త్వరగా అయిన పిల్లల్లో ముందుకు పోతుంది. అందుకే కోర్టులు దీనికి రెండేళ్ల అటూ ఇటూ తేడా ఉండొచ్చని పరిగణిస్తాయి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్ ప్రకారం ముందు బడి సర్టిఫికెట్ లేదా పది పాసైన సర్టిఫికెట్, అది లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువీకరణ పత్రం, అవేవీ లేనప్పుడే ఈ పరీక్ష. బడిలో చేర్చుకునేటప్పుడు పుట్టినతేదీ ఉజ్జాయింపుగా రాసేస్తే, తర్వాత దాన్ని ఎక్స్‌రే సరిచేయలేదు. ఉపాధ్యాయులకు ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాం.

మా తమ్ముడికి ముంజేయి విరిగింది. పుత్తూరు కట్టు కట్టించమని ఇంట్లో ఒత్తిడి. అతికించేది పసరా, కట్టా? కాళ్ల సూప్ తాగితే త్వరగా అతుకుతుందా? – ఒక పాఠకుడు, చిత్తూరు

పసరూ కాదు, కట్టూ కాదు, పిండికట్టూ కాదు. ఎముక తనంతట తానే అతుక్కుంటుంది. విరిగిన చోట ముందు రక్తం గడ్డకడుతుంది. 2, 3 వారాల్లో అక్కడ మృదులాస్థి, నారలతో మెత్తటి అతుకు వస్తుంది. ఆపైన అది ఎముకగా మారుతూ గట్టి అతుకవుతుంది. కడుపులో ఉన్నప్పుడు మృదులాస్థి ఎముకగా మారిన వరుసే ఇక్కడ మళ్లీ జరుగుతుంది. ఆ గడ్డ బుడిపెను చెక్కి సాపు చేయడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. మణికట్టు దగ్గర విరిగితే పెద్దవాళ్లకు సుమారు 6 వారాలు. మోకాలి కింది పెద్ద ఎముకకు 3, 4 నెలలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ, దాని కింది భాగానికి రక్తం అందేది తక్కువ కాబట్టి. పిల్లల్లో ఇందులో సగం కాలం కూడా పట్టదు.

మరి కట్టు దేనికి? కొసలు ఎదురెదురుగా, కదలకుండా ఉండడానికి. ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డతో కట్టే కట్టయినా, ప్లాస్టరైనా ఆ పని చేస్తే చాలు. ఎముక పక్కకు జరగని చిన్న పగుళ్లు దేనితోనైనా మానతాయి, నాటు కట్టుకు పేరొచ్చిందీ వాటివల్లే. కానీ ఎక్స్‌రే లేకుండా ఏ కట్టూ కట్టించొద్దు. చర్మం చీలి ఎముక బయటపడినా, కీలులోకి చీలిక పోయినా, ముసలివాళ్ల తుంటి విరిగినా, పిల్లల మోచేయి పైన విరిగినా నేరుగా ఆసుపత్రికే. ముంజేతిలో రెండు ఎముకలూ విరిగి పక్కకు జరిగితే పెద్దవాళ్లకు సాధారణంగా ప్లేట్లు వేయాల్సి వస్తుంది. లేకపోతే అరచేయి తిప్పడం పోతుంది.

కట్టు ఎవరు కట్టినా మొదటి రెండు రోజులు వేళ్లను చూస్తూ ఉండండి. నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే, ఇంకొకరు వేళ్లు చాపితే ప్రాణం పోయినంత బాధగా ఉంటే, వేళ్లు తిమ్మిరెక్కినా, పాలిపోయినా ఎవరినీ అడగకుండా కట్టు మొత్తం విప్పించి పరుగెత్తండి. లోపల ఒత్తిడి పెరిగి రక్తం ఆగితే సుమారు 6 గంటల్లో కండ చచ్చిపోతుంది, చెయ్యి పక్షి గోళ్లలా ముడుచుకుని వంకర పోయి అలాగే ఉండిపోతుంది. మోచేతి దెబ్బకు నూనె పెట్టి మర్దనా చేయించడం ఇంకో పొరపాటు. గట్టిగా నలిపితే కండలోనే ఎముక పుట్టుకొచ్చి కీలు బిగుసుకుపోవచ్చు.

కాళ్ల సూప్‌లో చిక్కగా అయ్యేది కరిగిన కొల్లాజెన్. కడుపులో అది మామూలు ప్రోటీన్‌లాగే అరిగిపోతుంది, నేరుగా వెళ్లి ఎముకకు అంటుకోదు. గ్లాసు పాలతో పోలిస్తే అందులో కాల్షియం చాలా తక్కువ. రుచికి తాగమనండి. బీడీ, సిగరెట్ అలవాటుంటే మాత్రం అతుక్కునేదాకా మానాల్సిందే.

మా అమ్మకు 64. గుంటూరులో డెక్సా (ఎముక సాంద్రతను కొలిచే ఎక్స్‌రే పరీక్ష) తీయిస్తే టీ స్కోరు (యువతీయువకుల సగటుతో పోల్చి చెప్పే అంకె) మైనస్ 2.7 అన్నారు. వారానికో మాత్ర రాశారు. కాల్షియం, రాగిజావ పెంచితే సరిపోదా? విటమిన్ డి 60 వేల యూనిట్ల సాచెట్లు ఏడాదిగా వారం వారం వేసుకుంటోంది. – ఒక పాఠకురాలు, డల్లాస్

ముందు ఆ సాచెట్లు ఆపించి, రక్తంలో కాల్షియం, విటమిన్ డి, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూపించండి. 60 వేల యూనిట్లు వారానికొకటి చొప్పున 8 వారాలు వేసుకుని, తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం నెలకొకటికి తగ్గడం మామూలు పద్ధతి. పాత చీటీ పట్టుకుని దుకాణంలో కొంటూ పోతే కాల్షియం మితిమీరి వాంతులు, దాహం, మలబద్ధకం, చివరికి కిడ్నీల దెబ్బ.

మైనస్ 2.5, అంతకంటే కిందికి వస్తే బోలు ఎముకల వ్యాధి. ఎముకలో ఒక చోట పాతది తవ్వడానికి సుమారు 3 వారాలు, ఆ గుంట పూడ్చడానికి 3, 4 నెలలు పడుతుంది. నెలసరి ఆగి ఈస్ట్రోజెన్ తగ్గాక తవ్వే కణాలు ఎక్కువవుతాయి, ఎక్కువ కాలం బతుకుతాయి. ప్రతి గుంటా కాస్త వెలితిగానే పూడుతుంది. స్పంజి ఎముక ముందు పల్చబడుతుంది కాబట్టి వెన్నుపూసలు, మణికట్టు, తుంటి విరుగుతాయి. పోయింది కాల్షియం ఒక్కటే కాదు, కొల్లాజెన్‌తో సహా కట్టడమే పోయింది. అందువల్ల రాగిజావతో సరిపోదు. అలాగని మానేయొద్దు కూడా. నెలసరి ఆగిన ఆడవాళ్లకు రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క. 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకు అటూ ఇటూ, 100 మిల్లీలీటర్ల పాలలో సుమారు 120. రాగుల్లోని ఫైటేట్ కాల్షియంను కొంత పట్టేస్తుంది, మొలకెత్తించిన రాగులైతే నయం. పాలకూరలో కాల్షియం ఉన్నా ఆక్సలేట్ వల్ల ఒంటికి పట్టేది తక్కువ. మునగాకు, నువ్వులు మేలు.

మాత్ర డబ్బా మీద కాల్షియం కార్బొనేట్ 1,250 మిల్లీగ్రాములు అని ఉంటే అందులో అసలు కాల్షియం 500 మిల్లీగ్రాములే. ఒక్కసారికి అంతకుమించి వేసుకున్నా పెద్దగా పట్టదు. భోజనంతో వేసుకోవాలి. థైరాయిడ్ మాత్రకు 4 గంటల ఎడం ఉండాలి.

వారానికో మాత్ర అన్నది బహుశా అలెండ్రొనేట్ 70 మిల్లీగ్రాములు. అది ఎముకలోని ఖనిజానికి అతుక్కుని తవ్వే కణాలను ఆపుతుంది. పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్లతో మింగాలి. కాఫీతోనో పాలతోనో వేసుకుంటే ఒంటికి దాదాపు పట్టదు. మింగాక అరగంట నడుం వాల్చకూడదు, ఏమీ తినకూడదు. మాత్ర అన్నవాహికలో ఆగితే పుండు పడుతుంది. పన్ను పీకించాల్సి వస్తే ముందే డెంటిస్టుకు చెప్పాలి. కొన్నేళ్లు వాడాక తొడలో కొత్తగా నొప్పి వస్తే వయసు నొప్పిలే అని వదిలేయక ఎక్స్‌రే తీయించాలి.

మా ఊరి బోరు నీళ్లలో ఫ్లోరిన్ ఉంది. మా నాన్నకు మెడ, నడుము బిగుసుకుపోయాయి. డెక్సా తీయిస్తే ఎముకలు మామూలు కంటే గట్టిగా ఉన్నాయన్నారు! ఎలా? – ఒక పాఠకుడు, మర్రిగూడ, నల్లగొండ జిల్లా

డెక్సా చెప్పేది ఖనిజం ఎంత ఉందనే, ఎముక ఎంత మంచిదని కాదు. హైడ్రాక్సీఅపటైట్‌లోని హైడ్రాక్సిల్ స్థానంలో ఫ్లోరైడ్ సులువుగా కూర్చుంటుంది. పైగా అది ఆస్టియోబ్లాస్టులను రెచ్చగొడుతుంది. వాటి హడావుడిలో ఎముక పెరుగుతుంది, కానీ ముతకగా, కొల్లాజెన్ పోగులు చెదిరి తయారవుతుంది. ఎక్స్‌రేలో తెల్లగా మెరుస్తుంది, బలం ఉండదు. అంతటితో ఆగక ఎముకలను కలిపే బంధనాల్లోకి కూడా ఖనిజం చేరుతుంది. మీ నాన్నగారి మెడ, నడుము బిగుసుకోవడం అదే. ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్యనున్న పొర గట్టిపడి కనబడితే ఇది ఫ్లోరోసిస్ అనడానికి మంచి గుర్తు.

దేశంలో ఈ జబ్బు గురించి తొలి వైద్య నివేదిక 1937లో మన పొదిలి ప్రాంతం నుంచే వెళ్లింది, అప్పుడది మద్రాసు ప్రెసిడెన్సీలో నెల్లూరు జిల్లా. 1973లో జాతీయ పోషకాహార సంస్థ వైద్యులు ఫ్లోరైడ్ ఊళ్లలో పిల్లలకు మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని గుర్తించి రాశారు. ఫ్లోరైడ్ ఒకటే అయినా తిండిలో కాల్షియం తక్కువైన పిల్లల్లో దాని దెబ్బ వేరుగా, గట్టిగా ఉంటుంది.

తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా అనుమతి. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు, యూవీ ఫిల్టరు కూడా దాన్ని తీయలేవు. ఆర్వో, యాక్టివేటెడ్ అల్యూమినా తీస్తాయి. అల్యూమినాను ఎప్పటికప్పుడు శుద్ధి చేయించాలి, లేకపోతే కొన్నాళ్లకు అది పనిచేయడం మానేస్తుంది. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించి మీ జిల్లా పేరే పెట్టిన నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలుపుతారు. 40 లీటర్ల బక్కెట్టులో ఒక నిమిషం వేగంగా, 10 నిమిషాలు మెల్లగా కలిపి, గంటసేపు తేరనిచ్చి, అడుగు నుంచి 5 సెంటీమీటర్ల పైనున్న కుళాయి గుండా తేట పట్టుకోవాలి. పటిక మోతాదు ఆ నీటిలోని ఫ్లోరైడ్, క్షారత్వం రెండింటి మీదా ఆధారపడుతుంది కాబట్టి పరీక్ష చేయించకుండా గుప్పెడు వేస్తే పని కాదు. సున్నం పటికలో సుమారు ఇరవయ్యో వంతు. అడుగున చేరిన మడ్డి పశువుల తొట్టిలో పోయొద్దు, ఫ్లోరైడ్ అంతా దానిలోనే ఉంటుంది.

మిషన్ భగీరథ నీళ్లు వస్తుంటే తాగడానికే కాదు, వంటకూ అవే వాడండి. బోరు నీళ్లతో వండిన అన్నం, పప్పు ఫ్లోరైడ్‌ను పీల్చుకుంటాయి. మీ నాన్నగారు రోజుకు నాలుగైదు టీలు తాగుతుంటే తగ్గించమనండి, టీ ఆకులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. బిగుసుకున్న బంధనాలు మళ్లీ సాగవు గానీ, నీళ్లు మారిస్తే జబ్బు ముదరడం ఆగుతుంది, కొందరికి నొప్పులూ తగ్గుతాయి. నడకలో తూలినా, కాళ్లలో స్పర్శ తగ్గినా వెన్నుపాము మీద ఒత్తిడి పడుతోందేమో న్యూరాలజిస్టుకు చూపించాలి. నీటి పరీక్షకు జిల్లా గ్రామీణ నీటి సరఫరా ల్యాబుకు అర లీటరు పట్టుకెళ్లండి. ప్లాస్టిక్ సీసాలోనే పట్టాలి, గాజు సీసా వద్దు.